ఊళ్లో ఇంటి నుంచి వీడియో ఇంటర్వ్యూ: ముందు మాట వినపడాలి, తర్వాతే మొహం

మీరు అడిగింది ఇది: బీటెక్ ఈ ఏడాదే అయింది, ఊళ్లో ఇంటి దగ్గరే ఉన్నారు. వచ్చే వారం హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోసాఫ్ట్ టీమ్స్ వీడియో కాల్‌లో టెక్నికల్ రౌండ్ పెట్టింది, అది దాటితే హెచ్‌ఆర్ రౌండ్. చేతిలో పాత లాప్‌టాప్, ఇంట్లో ఫైబర్ కనెక్షన్, ఒక జియో సిమ్ ఉన్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఏమేం సర్దుకోవాలి, ఎలా మాట్లాడాలి?

ఇలాంటప్పుడు చాలామంది చొక్కా దగ్గరో, వెనక గోడ దగ్గరో మొదలుపెడతారు. నేను మైకు దగ్గర మొదలుపెట్టమంటాను. బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా ఇంటర్వ్యూ నడుస్తుంది, మాట తెగితే నడవదు. అవతలి మనిషి ఆ రోజు వరసగా ముగ్గురు నలుగురితో మాట్లాడుతుంటారు. మీ మాట పట్టుకోవడానికే చెవులు రిక్కించాల్సి వస్తే, మీ జవాబులో ఉన్న మంచిని గమనించే ఓపిక వాళ్లకి మిగలదు. కింద చెప్పేవన్నీ ఆ శ్రమ తగ్గించడానికే.

లాప్‌టాప్‌లో ఉండే మైకు మీద ఆధారపడకండి. అది ఫ్యాను గాలినీ, కీబోర్డు టకటకనీ, ఖాళీ గదిలో గోడల నుంచి తిరిగొచ్చే గొంతునీ కలిపి పట్టుకుంటుంది. మైకు ఉన్న మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు, ఐదు వందల లోపే దొరుకుతాయి. పాత లాప్‌టాప్ కాబట్టి ఒకటి చూసుకోండి: మైకుకీ హెడ్‌ఫోన్‌కీ వేర్వేరు రంధ్రాలు ఉంటే, ఫోన్ ఇయర్‌ఫోన్స్ గుచ్చినప్పుడు మీకు వినపడుతుంది గానీ వాటి మైకు పనిచెయ్యదు. దానికి వై ఆకారంలో ఉండే చిన్న స్ప్లిటర్ వైరు కావాలి. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ వద్దనడానికి కారణం ఉంది. కాల్‌లో వాటి మైకు ఆన్ అవగానే చాలా లాప్‌టాప్‌లు హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతిలోకి మారిపోతాయి, గొంతు పాత టెలిఫోన్‌లోలాగా పల్చబడుతుంది. పైగా అవి సరిగ్గా ఆ టైముకే ఇంట్లో టీవీకో ఫోనుకో కనెక్ట్ అయిపోవచ్చు.

వైరు మైకు కాలరుకి రాసుకుంటే అవతల బరబరమని వినిపిస్తుంది. మైకు భాగాన్ని బట్టకి తగలకుండా క్లిప్పుతో పట్టించండి. ఇయర్‌ఫోన్స్‌లో సన్నటి గుయ్‌మనే శబ్దం వస్తుంటే ఒకసారి చార్జరు తీసి చూడండి. ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఆ శబ్దం చార్జరు నుంచే వస్తుంది. ఎర్త్ ఉన్న వేరే ప్లగ్గుకి మారితే పోతుంది. సీలింగ్ ఫ్యాను ఆపలేని ఎండాకాలమైతే వేగం తగ్గించి, టేబుల్ ఫ్యాను మాత్రం మైకు మీదికి తిప్పకండి. గది బోసిగా ఉండి గొంతు మోగుతుంటే పరుపు ఉన్న గదిలోకి మారండి, లేదా లాప్‌టాప్ వెనక గోడకి దుప్పటి వేలాడదీయండి. కెమెరాలో అది కనపడదు.

ఇక నెట్. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి సంతోషిస్తారు. మీ మొహం, గొంతు అవతలికి వెళ్లేది అప్‌లోడ్‌లో. నిలకడగా 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే కాల్ నడుస్తుంది, 5 ఉంటే నిశ్చింత. నిలకడ అన్నది ముఖ్యం: ఒకసారి 20, ఇంకోసారి 0.5 చూపించే కనెక్షన్ కన్నా ఎప్పుడూ 3 చూపించేదే మేలు. అందుకే ఇంటర్వ్యూ ఏ గంటకి ఉందో ఆ గంటకే రెండు మూడు రోజులు పరీక్షించండి. పొద్దున పదింటికి బాగున్న టవరు, సాయంత్రం ఊరంతా ఫోన్లు పట్టుకునే వేళకి మొరాయిస్తుంది.

ఫైబర్ ఉంటే రూటర్ నుంచి లాప్‌టాప్‌కి లాన్ కేబుల్ వేసుకోవడం అన్నిటికన్నా నమ్మకం. కేబుల్ కుదరకపోతే రూటర్ ఉన్న గదిలోనే కూర్చుని, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే దానికి కనెక్ట్ అవ్వండి. అది గోడ దాటితే బలహీనపడుతుంది. వేరే గదిలో కూర్చోక తప్పకపోతే 2.4 మేలు.

కరెంటు సంగతి విడిగా ఆలోచించాలి. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది గానీ రూటర్‌కి ఉండదు. కరెంటు పోయిన క్షణంలో అది ఆగి, మళ్లీ లేచి లైను పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఇన్వర్టర్ ఉన్నా ఇదే జరగొచ్చు, ఎందుకంటే లైను కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ చిన్న విరామాన్ని రూటర్ తట్టుకోలేకపోవచ్చు. చాలా ఇన్వర్టర్లకి వెనకో ముందో యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మార్పిడి వేగంగా జరుగుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు రూటర్‌కి పెట్టే మినీ యూపీఎస్ కొనుక్కోవచ్చు. చాలా రూటర్లు 12 వోల్టులవే. అయినా అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకునే కొనండి. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే తేల్చుకోండి: చార్జరు తీసి, కెమెరా ఆన్ చేసి, స్నేహితుడితో వీడియో కాల్ పెట్టి గడియారం చూడండి. మామూలుగా రెండు గంటలు వచ్చే బ్యాటరీ కాల్‌లో గంట కూడా రాకపోవచ్చు.

జియో సిమ్‌ని రెండో దారిగా ఉంచండి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే ఆ రోజు పొద్దున్నుంచి రీల్స్ జోలికి పోవద్దు. కోటా అయిపోయాక స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, దాంతో వీడియో అసాధ్యం. మంచి నాణ్యతతో గంటసేపు వీడియో కాల్‌కి ఒక జీబీ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఖర్చవుతుంది. ముందురోజే ఒక డేటా యాడ్ ఆన్ వేసి ఉంచండి. ఫోన్ నెట్‌ని లాప్‌టాప్‌కి హాట్‌స్పాట్‌తో కన్నా యూఎస్‌బీ వైరుతో ఇస్తే (యూఎస్‌బీ టెథరింగ్) కనెక్షన్ నిలకడగా ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా వేరే నెట్‌వర్క్ సిమ్ ఉంటే ఆ గంటసేపు ఆ ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి. ఒక టవరు పడిపోతే రెండోది ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వచ్చే ఇబ్బందులు చాలావరకు ఒకేలా ఉంటాయి. టీమ్స్ లింకుని క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరిచి గెస్ట్‌గా చేరవచ్చు, కానీ బ్రౌజరు కెమెరాకీ మైకుకీ అనుమతి అడిగినప్పుడు కంగారులో బ్లాక్ నొక్కేస్తారు. తర్వాత ఎంత వెతికినా కెమెరా రాదు. అడ్రసు బారులో ఎడమవైపు గుర్తు నొక్కితే ఆ అనుమతి మళ్లీ ఇవ్వొచ్చు. కెమెరా నల్లగా ఉంటే, జూమో కెమెరా యాప్‌నో వెనకాల తెరిచి ఉంచారేమో చూడండి. చాలా లాప్‌టాప్‌లలో ఒక యాప్ పట్టుకున్న కెమెరా ఇంకోదానికి దొరకదు. లెన్సు మీద చిన్న మూత ఉండే మోడళ్లు కూడా ఉన్నాయి. విండోస్ అప్‌డేట్‌ని వారంపాటు పాజ్ చెయ్యండి. చేరేటప్పుడు పేరు అడిగితే రెజ్యూమెలో ఉన్నట్టే పూర్తి పేరు ఇవ్వండి. ఫోన్ మోడల్ పేరుతోనో అన్నయ్య పేరుతోనో లాబీలో (లోపలికి పిలిచేదాకా ఆగే చోట) నిలబడితే లోపలికి రానివ్వాలా వద్దా అని అవతలివాళ్లు ఆలోచిస్తారు. పది నిమిషాల ముందు చేరితే సరిపోతుంది.

లాప్‌టాప్ మొండికేసి ఫోన్‌లోనే ఇవ్వాల్సి వస్తే, ఫోన్‌ని అడ్డంగా, దేనికో ఆనించి కదలకుండా పెట్టండి. ఫ్లైట్ మోడ్ వేసి, వైఫై కాలింగ్ ఆపేసి, వైఫై మాత్రం ఆన్ చెయ్యండి. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మీటింగ్ ఆడియో ఆగిపోయే ప్రమాదం దానితో చాలావరకు తప్పుతుంది.

మొహం, వెలుతురు గురించి క్లుప్తంగా. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి, లాప్‌టాప్ కింద నాలుగైదు లావు పుస్తకాలు పెట్టండి. కిటికీ గానీ లైటు గానీ మీ ముందు ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లటి నీడలా కనిపిస్తుంది. తెల్లచొక్కా వేస్తే కెమెరా ఆ తెలుపుని చూసి మొత్తం బొమ్మని చీకటి చేస్తుంది, మొహం ఇంకా ముదురుగా పడుతుంది. లేత నీలమో బూడిద రంగో మేలు. సన్నగళ్ల చొక్కా తెరమీద అలలు అలలుగా మెరుస్తుంది. ట్యూబులైటు కింద బొమ్మ మినుకుమంటుంటే విండోస్ కెమెరా యాప్ సెట్టింగుల్లో ఫ్లికర్ తగ్గించే చోట 50 హెర్ట్జ్ ఎంచుకుని చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ పాత లాప్‌టాప్ మీద భారం, దాని ఫ్యాను గోల మొదలవుతుంది, మాట కూడా తడబడవచ్చు. ఉతికిన కర్టెను వెనక ఉంటే చాలు. మీటింగ్ కిటికీని చిన్నది చేసి కెమెరా కిందికి జరపండి, మీ సొంత బొమ్మని దాచేయండి. అప్పుడు అవతలి మొహాన్ని చూస్తున్నా కెమెరాలోకి చూస్తున్నట్టే ఉంటుంది.

ఇంట్లోవాళ్లకి టైము చెప్పి, కుక్కర్ ముందే దించేయమనండి. ఆ రోజు వీధిలో పెళ్లి పందిరో గుడి మైకో ఉందని తెలిస్తే కాలేజీలోనో స్నేహితుడి ఇంట్లోనో గది అడగండి. టీ హోటలు, కేఫ్ వద్దు.

ఇప్పుడు మాట్లాడటం. వీడియోలో మాట కొంత ఆలస్యంగా చేరుతుంది. అందుకని ప్రశ్న అయిందనిపించాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి, లేకపోతే ఇద్దరి మాటా ఢీకొంటుంది. ఢీకొంటే మీరే ఆగి "ప్లీజ్ గో అహెడ్" అనండి. మనకి ఎదుటివాళ్లు చెబుతుంటే ఊ కొట్టే అలవాటు ఉంది. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అది మర్యాద. కాల్‌లో అవతలివాళ్లు స్పీకర్ పెట్టుకుని ఉంటే, మీ ప్రతి ఊకొట్టుకీ వాళ్ల గొంతు తెగుతుంది, ఎందుకంటే ప్రతిధ్వని ఆపే సాఫ్ట్‌వేర్ ఒకవైపు శబ్దాన్ని నొక్కేస్తుంది. తల ఊపండి, చాలు.

కంగారులో ఇంగ్లీషు వేగం పెరిగి వాక్యాల చివర్లు మింగేస్తాం. దీనికి మందు చిన్న వాక్యాలు. ముందు అసలు జవాబు ఒక్క వాక్యంలో, తర్వాత కారణం, తర్వాత ఉదాహరణ. ఒక జవాబు నిమిషంన్నర దాటితే ఆగి "షల్ ఐ గో డీపర్?" అని అడగండి. ఎదురెదురుగా అయితే అవతలివాళ్ల విసుగు మీకు కనపడుతుంది, తెరమీద కనపడదు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే బయోడేటా అప్పజెప్పమని కాదు. "మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టి నాన్నగారి వృత్తి, ఇంట్లో ఎంతమంది, హాబీలు చెప్పుకుంటూ పోతే, అడిగినవాళ్లకి తర్వాత ఏం అడగాలో పట్టు దొరకదు. "ఐ యామ్" అని పేరు చెప్పి, ఏం చదివారు, ఏ పని చేతులతో చేశారు, ఈ ఉద్యోగానికీ దానికీ సంబంధం ఏమిటి, అంతే. అరవై నుంచి తొంభై సెకన్లు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. బట్టీ పట్టినట్టు వినిపిస్తే ఒకటి రెండు వాక్యాలు మార్చి మళ్లీ చెప్పండి.

ఫ్రెషర్‌కి ఇంటర్వ్యూ నిలబడేది, కూలేది ప్రాజెక్టు దగ్గరే. అందరి రెజ్యూమెల్లోనూ ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యాప్ ఒకటి ఉంటుంది, కాబట్టి పేరు చూసి ఎవరూ మెచ్చుకోరు. అడిగేవి వేరే: నలుగురు టీములో మీరు రాసిన భాగం ఏది, డేటాబేస్ టేబుల్లో ఏ కాలమ్స్ ఉన్నాయి, మైఎస్‌క్యూఎల్ వదిలి మాంగోడీబీ ఎందుకు, ఒకేసారి వెయ్యిమంది వస్తే ముందు ఏది ఆగిపోతుంది, చీకటిలో ముఖం దొరక్కపోతే ఏం చేశారు. ఇంటర్వ్యూకి ముందు ఆ కోడు తెరిచి ఒకసారి నడపండి, చాలామందిది అప్పటికే నడవదు. అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టు అయితే ఉన్న వారంలోనే దాన్ని ఫైలు ఫైలుగా చదివి, ఒక చిన్న ఫీచర్ మీ చేత్తో కలపండి. అప్పుడు మీరు నిజంగా చేసిన పని గురించి మాట్లాడతారు, మిగతాది మీదని చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు.

కోడింగ్ అడిగి స్క్రీన్ షేర్ చెయ్యమంటారు. వాట్సాప్ వెబ్, మెయిల్ మూసి నోటిఫికేషన్లు ఆపండి. అక్షరాల సైజు 16కి తగ్గకుండా పెట్టండి. మ్యాక్‌బుక్ అయితే స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ముందురోజే ఇవ్వండి, అది ఇచ్చాక యాప్ మూసి తెరవాల్సి వస్తుంది. టైపు చేస్తున్నంతసేపూ మౌనంగా ఉండకండి. అవతలివాళ్లకి మీరు ఆలోచిస్తున్నారో నెట్ ఆగిందో తెలియదు. ఉదాహరణకి, ఒక వరసలో ఏ రెండు అంకెలు కలిపితే ఇచ్చిన మొత్తం వస్తుందో కనుక్కోమన్నారనుకోండి. ముందు రెండు లూపుల పద్ధతి చెప్పి, దానికి ఎన్ స్క్వేర్ సమయం పడుతుందనండి. తర్వాత హ్యాష్‌మ్యాప్‌తో ఒకే చుట్టులో అవుతుందని చెప్పి, అది రాయండి. రాశాక 3, 8 ఇచ్చి మొత్తం 6 అడిగితే ఏమవుతుందో మీరే నడిపి చూపండి. అంకెలన్నీ ముందే మ్యాప్‌లో వేసేసిన కోడు ఒకే 3ని రెండుసార్లు వాడేస్తుంది. తప్పు మీరే పట్టుకుని దిద్దితే, మొదటిసారే సరిగ్గా రాసినదానికి ఏమాత్రం తీసిపోదు. తెలియనిది అడిగితే తెలియదని ఒక్క వాక్యంలో చెప్పి, దేనికి దగ్గరగా ఉందనుకుంటున్నారో చెప్పండి.

ఇంకో విషయం గట్టిగానే చెబుతాను. పక్కన ఏఐ టూల్ పెట్టుకుని జవాబులు చదవడం, వేరేవాళ్ల చేత మాట్లాడించడం వద్దు. ప్రతి ప్రశ్నకీ ఒకే రకం ఆలస్యం, ఎడమ నుంచి కుడికి కదిలే కళ్లు, "ఎందుకు" అని ఇంకో అడుగు లోపలికి వెళ్లగానే ఆగిపోయే గొంతు, ఇవన్నీ అలవాటైన ఇంటర్వ్యూయర్‌కి ఐదు నిమిషాల్లో తెలిసిపోతాయి. 2022 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా రిమోట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో డీప్‌ఫేక్‌ల (కంప్యూటర్‌తో తయారుచేసిన నకిలీ మొహం, గొంతు) వాడకం మీద ఫిర్యాదులు పెరిగాయని హెచ్చరించింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఐడీ కార్డు చూపించమంటారు, కెమెరా తిప్పి గది చూపించమంటారు. అలా అడిగితే నొచ్చుకోకండి. ఒరిజినల్ ఐడీ చేతికందేలా పెట్టుకోండి. కెమెరా పక్కన ఏడెనిమిది మాటలతో ఒక కాగితం అతికించుకోవడంలో తప్పులేదు, పేరాలు మాత్రం రాయకండి. రాసి ఉంటే చదువుతారు.

కొన్ని కంపెనీలు అవతల మనిషి లేకుండా మీ జవాబుల్ని రికార్డు చేసి పంపమంటాయి. ప్రశ్న తెరమీద వస్తుంది, ఆలోచించుకోవడానికి అర నిమిషమో నిమిషమో, జవాబుకి రెండు మూడు నిమిషాలు ఇస్తారు. మొదలుపెట్టే ముందు ఎన్నిసార్లు రికార్డు చేసుకోవచ్చో నియమం చదవండి. సాధనకి ఇచ్చే ప్రశ్న ఉంటే వదలకండి. చివరి రోజు రాత్రి దాకా ఆగితే కరెంటు, సర్వరు రెండూ మీ చేతిలో ఉండవు.

కాల్ తెగితే ఏం చేస్తారో ముందే తేల్చుకోండి. టీమ్స్ యాప్ ఫోన్‌లో వేసి, లింకు అందులోనూ ఉంచండి. రిక్రూటర్ నంబరు కాగితం మీద రాసుకోండి. మాట తెగుతోందని చెబితే ముందు "షల్ ఐ స్విచ్ ఆఫ్ మై వీడియో ఫర్ బెటర్ ఆడియో?" అని అడిగి వీడియో ఆపండి, చాలాసార్లు దానితోనే సర్దుకుంటుంది. పూర్తిగా పోతే ఫోన్ డేటాతో చేరండి. లాప్‌టాప్ కూడా తిరిగొస్తే ఒకదాని మైకూ స్పీకరూ ఆపాలి, లేదంటే కూత వేస్తుంది. రెండు నిమిషాల్లో చేరలేకపోతే రిక్రూటర్‌కి ఒక మెసేజ్ పెట్టండి: కరెంటు పోయింది, ఇన్ని నిమిషాల్లో వస్తాను, కుదరకపోతే ఇంకో టైము ఇవ్వగలరా. తిరిగి వచ్చాక క్షమాపణ ఒక్కసారి చాలు, నేరుగా ఆగిన ప్రశ్నలోకి వెళ్లండి.

ప్యానెల్లో అమెరికావాళ్లు ఉంటే టైము రెండుసార్లు లెక్క చూసుకోండి. న్యూయార్క్‌లో పొద్దున 11 అంటే వేసవిలో మనకి రాత్రి 8:30, నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా 9:30.

హెచ్‌ఆర్ రౌండ్‌లో ఊరు మారడం, షిఫ్టులు, బాండు (ఇంతకాలం మానకుండా పనిచేస్తానన్న ఒప్పందం), చేరే తేదీ అడుగుతారు. ఇంట్లో ముందే మాట్లాడి ఉంచండి, అక్కడ నీళ్లు నమిలితే అనుమానం వస్తుంది. మీరు అడగడానికి రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకోండి: మొదటి మూడు నెలలు ఏ పని ఇస్తారు, శిక్షణ ఎలా ఉంటుంది. జీతం వాళ్లు ఎత్తాక మాట్లాడొచ్చు. అయిపోయాక మర్నాటి లోపు రిక్రూటర్‌కి నాలుగు వాక్యాల మెయిల్ పంపండి, మాట్లాడిన ఒక విషయం అందులో ప్రస్తావించండి. చెప్పిన గడువు దాటి వారమైతే ఒకసారి అడగండి.

ఒకవేళ ఇంటర్వ్యూ వీడియో లేకుండా టెలిగ్రామ్ చాట్‌లోనే ముగించి, సెలెక్ట్ అయ్యారు, లాప్‌టాప్ డిపాజిట్టో రిజిస్ట్రేషన్ ఫీజో కట్టమంటే అది మోసం. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు అడగదు. మెయిల్ ఐడీ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో లేదో అక్షరం అక్షరం చూడండి. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.